ప్రాసెసర్ ఎంత వేడెక్కితే భయపడాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ప్రాసెసర్ టెంపరేచర్ గురించే ఉన్నాయి, అందుకని మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి మొత్తం శీర్షిక దీనికే ఇచ్చేస్తున్నాం. అంకెలన్నీ సెల్సియస్‌లోనే.

ప్రశ్న: గేమ్ ఆడుతున్నప్పుడు నా డెస్క్‌టాప్ ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది. ఒకరేమో 70 దాటకూడదంటారు, ఇంకొకరు 95 అయినా ఏం కాదంటారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ ప్రాసెసర్ మోడల్ ఏంటని అడగకుండా అంకె చెప్పేవాళ్ల మాట ఎవరిదీ నమ్మకండి. ప్రతి ప్రాసెసర్‌కీ తయారీ కంపెనీయే ఒక గరిష్ఠ పరిమితి పెడుతుంది, టీజే మాక్స్ అంటారు దాన్ని. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి అది 100. ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్‌కి 90, రైజెన్ 9 7950ఎక్స్‌కి 95, గేమర్లు ఎక్కువగా కొనే 7800ఎక్స్3డీకి 89. అంటే మీరు చెప్పిన 85 ఒకదానికి ఇంకా 15 డిగ్రీల దూరం, మరోదానికి నాలుగే డిగ్రీల దూరం. అంకె ఒకటే అయినా అర్థం వేరు. మీ మోడల్ పరిమితి ఎంతో కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ప్రాసెసర్ వివరాల పేజీలో ఉంటుంది, ముందు అది చూసుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 ఎక్స్ మోడళ్లు అన్ని కోర్లమీదా (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) బరువైన పని పడితే 95 దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారయ్యాయి. వేడికి ఇంకా చోటుందంటే స్పీడు పెంచుకుంటూ పోతాయి. అలాంటి ప్రాసెసర్‌కి ఇంకా ఖరీదైన కూలర్ బిగించినా అంకె అదే 95 దగ్గర ఉండొచ్చు, మీకు దక్కేది కాస్త ఎక్కువ స్పీడు. 'కూలర్ మార్చినా డిగ్రీలు తగ్గలేదు, డబ్బులు దండగ' అని తీసి పక్కన పెట్టేసేవాళ్లున్నారు, ఆ తేడా క్లాక్ స్పీడులో, అంటే ప్రాసెసర్ పనిచేసే వేగంలో వెతకాలని వాళ్లకి ఎవరూ చెప్పకపోవడం వల్ల.

అందుకని టెంపరేచర్ ఒక్కటే చూడకండి, పక్కనే క్లాక్ స్పీడు, ప్రాసెసర్ తీసుకుంటున్న వాట్లు కూడా పెట్టుకుని మూడూ కలిపి చూడండి. 85 దగ్గర ఉండి స్పీడు నిలకడగా ఉంటే హాయిగా ఆడుకోండి. పరిమితిని తాకి, అప్పటిదాకా ఉన్న స్పీడు బేస్ క్లాక్ (కంపెనీ చెప్పే మామూలు కనీస స్పీడు) కిందికి పడిపోతుంటే అప్పుడు ఆలోచించాలి. వాట్లు ఎందుకంటే, కంపెనీ వివరాల్లో 125 వాట్లు అని ఉన్న ఇంటెల్ కోర్ ఐ9 13900కే టర్బోలో (స్పీడు తానే పెంచుకున్నప్పుడు) 253 వాట్ల దాకా తీసుకోగలదు, 125 చూసి కూలర్ కొన్నవాళ్లు తర్వాత 100 డిగ్రీలు చూసి కంగారు పడతారు. గది వేడి కూడా లెక్కలోదే. అదే పని, అదే కూలర్, గది 25 ఉన్నప్పుడు 80 చూపించింది గది 35 అయితే ఇంచుమించు 90 చూపిస్తుంది, ఎందుకంటే కూలర్ చేసేది గది గాలి కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంచాలన్నదే తప్ప గదిని చల్లబరచడం కాదు.

ప్రశ్న: బ్రౌజర్ తెరిస్తే చాలు, 42 నుంచి ఒక్కసారిగా 65కి ఎగిరి మళ్లీ పడిపోతోంది. ఫ్యాన్ కూడా దాంతోపాటే రయ్యిమని అరిచి ఆగుతోంది. సెన్సర్ పాడైందా?

జవాబు: పాడవలేదండి, సరిగ్గా పనిచేస్తోంది. ఆ సెన్సర్ కూలర్ మీద కాదు, చిప్ లోపలే, పని జరిగే చోటే ఉంటుంది. బ్రౌజర్ తెరవగానే ప్రాసెసర్ ఒకటి రెండు కోర్లకి వోల్టేజీ పెంచి ఫుల్ స్పీడుకి తీసుకెళ్తుంది, ఆ చిన్న చోట పుట్టిన వేడి కూలర్ రేకుల దాకా వెళ్లేలోపే సెన్సర్ దాన్ని పట్టేస్తుంది. పని అయిపోగానే అంతే వేగంగా దిగిపోతుంది. ప్రాసెసర్‌కి దీంతో నష్టమేమీ లేదు, మీ చెవులకే ఇబ్బంది. బయాస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్ తెర) ఫ్యాన్ సెట్టింగ్స్‌కి వెళ్లి 65 దాకా ఫ్యాన్ ఒకే నెమ్మది స్పీడులో ఉండేలా గీత సమంగా పెట్టండి, ఫ్యాన్ పెరగడానికి కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ మీ బోర్డులో ఉంటే అదీ ఆన్ చేయండి. ఆ అరుపు పోతుంది.

ప్రశ్న: బయాస్‌లో 52, విండోస్‌లో 38. ఏది కరెక్ట్? పైగా సాఫ్ట్‌వేర్‌లో ఒక వరుసలో 127 డిగ్రీలు అని ఉంది, చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ కరెక్టే. విండోస్‌లో పని లేనప్పుడు ప్రాసెసర్ కోర్లని నిద్రపుచ్చుతుంది, బయాస్ తెరలో ఉన్నప్పుడు ఆ పొదుపు సాధారణంగా ఉండదు, అందుకే అక్కడ ఎక్కువ. 127 గురించి వదిలేయండి. మదర్‌బోర్డు మీది సెన్సర్ చిప్‌కి చాలా ఇన్‌పుట్లు ఉంటాయి, కొన్నింటికి అసలు ఏ సెన్సరూ కలిపి ఉండదు, ఆ ఖాళీ పిన్ను దగ్గర సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె చదివి మీ ముందు పెడుతుంది. ఎప్పుడు చూసినా కదలకుండా అదే అంకె ఉంటే అది వేడి కాదని తెలుసుకోండి.

ఇదే అదనుగా ఇంకో మాట. ఇంటెల్ కోర్ల సెన్సర్ నిజానికి 'ఇన్ని డిగ్రీలు' అని చెప్పదు, పరిమితికి ఇంకా ఎంత దూరం ఉందో చెబుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని టీజే మాక్స్ నుంచి తీసేసి మీకు అంకె చూపిస్తుంది. పరిమితి దగ్గరపడేకొద్దీ అది నమ్మదగ్గది, చల్లగా ఉన్నప్పుడు అంత కచ్చితం కాదు. మామూలు ఫ్యాన్ కూలర్‌తో గది కంటే తక్కువ టెంపరేచర్ రావడం జరిగే పని కాదు, కాబట్టి అలాంటిది కనిపిస్తే సంబరపడకండి. 2017 నాటి రైజెన్ 7 1800ఎక్స్, 1700ఎక్స్ వాడుతున్నవాళ్లకి దీనికి పూర్తి ఎదురు సమస్య: వాటిలో ఫ్యాన్ కోసం ఇచ్చే విలువ అసలు వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువ, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు దాన్నే చూపించేస్తాయి.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? టాస్క్ మేనేజర్ చాలదా?

జవాబు: చాలదు. అందులో కనిపించేది గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్, ప్రాసెసర్‌ది కాదు. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో వాడండి, అందులో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి ప్రాసెసర్ స్పీడు తగ్గించుకోవడం) అని ఒక వరుస ఉంటుంది, అక్కడ 'యెస్' పడిందా లేదా అన్నది నా దృష్టిలో మిగతా అంకెలన్నిటికంటే ముఖ్యం. అంత వివరం వద్దనుకుంటే కోర్ టెంప్ చాలు. లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుని టెర్మినల్‌లో సెన్సర్స్ అని కొడితే వచ్చేస్తుంది. రెండు మూడు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నడపకండి, ఒకే సెన్సర్ చిప్‌ని అన్నీ కలిసి అడిగితే పిచ్చి అంకెలు వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి లాప్‌టాప్ కొన్నప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన కాసేపటికి 97 చూపించి బాగా నెమ్మదిస్తోంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ మార్పించమంటున్నారు. మార్పించాలా?

జవాబు: మీరు పట్టించుకోవడం మంచిదే, ఎందుకంటే ఇక్కడ 97 కంటే 'కొన్నప్పుడు బాగానే ఉండేది' అన్న మాటే పెద్ద క్లూ. కొత్తలోనే 97 చూపించే పలచటి లాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, అది వాటి తీరు. ఒకప్పుడు లేనిది ఇప్పుడు వచ్చిందంటే ఏదో మారింది. ఏం మారిందో విప్పకుండానే చాలావరకు చెప్పొచ్చు, ఎలాగంటే, లాప్‌టాప్‌ని గట్టి బల్ల మీద పెట్టి, కాసేపు ఖాళీగా వదిలి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో టెంపరేచర్ గ్రాఫ్ తెరిచి, అప్పుడు ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టి గీత ఎలా ఎక్కుతోందో చూడండి. పని మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే నిట్టనిలువుగా 97కి వెళ్లిపోతే చిప్ నుంచి కూలర్‌కే వేడి అందడం లేదు, పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు లేదా పక్కకి జరిగిపోయి ఉండొచ్చు. అలా కాకుండా 70, 75, 82 అంటూ ఐదు పది నిమిషాలు మెల్లగా ఎక్కుతూ పోతే వేడి కూలర్ దాకా వస్తోంది గానీ బయటికి పోవడం లేదు, అంటే దుమ్ము, ఫ్యాన్, గాలి దారి.

మీరు 'కాసేపటికి' అన్నారు కాబట్టి నాకు దుమ్ము మీదే అనుమానం. వెనక మూత తీసి పైపైన చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోకండి. దుమ్ము చేరేది ఫ్యాన్‌కీ, రాగి రేకులకీ మధ్య, అక్కడ దారాలూ వెంట్రుకలూ దుమ్మూ కలిసి కంబళి ముక్కలా గట్టిగా అట్టకట్టి ఉంటాయి, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి దాన్ని దాటి పోదు. విప్పడం అలవాటు లేకపోతే సర్వీసుకి ఇచ్చి 'ఫ్యాన్ తీసి రేకుల లోపలి వైపు శుభ్రం చేయండి' అని విడమరిచి చెప్పండి. మీరే చేస్తే ఆఫ్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. వారంటీ ఉంటే ముందు దాని షరతులు చూడండి. అప్పటిదాకా పని ఆగకూడదంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతానికి తగ్గించండి, చాలా లాప్‌టాప్‌లలో టర్బో ఆగిపోతుంది, స్పీడు కొంత తగ్గినా వేడి బాగా దిగుతుంది. పరుపు మీద పెట్టి వాడొద్దని అమ్మాయికి చెప్పండి, గాలి లోపలికి తీసుకునే రంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి.

ప్రశ్న: నేనే సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. ఆన్ చేసిన కాసేపటికే 100 చూపించి ఆఫ్ అయిపోయింది. ప్రాసెసర్ కాలిపోయిందా?

జవాబు: దాదాపుగా కాలిపోయి ఉండదు, ధైర్యంగా ఉండండి. ప్రాసెసర్ పరిమితి తాకగానే ముందు తన స్పీడు తానే తగ్గించుకుంటుంది, అదీ చాలకపోతే మొత్తం సిస్టమ్‌ని ఆపేస్తుంది. మీకు జరిగింది ఆ రక్షణే. కానీ మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. పవర్ కేబుల్ తీసేసి కూలర్ విప్పండి. మొదట చూడాల్సింది కూలర్ అడుగున అంటించి వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, దాన్ని తీయడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అది లేకపోతే పేస్ట్ అచ్చు ఎలా పడిందో చూడండి, ఒక పక్కే అంటి మిగతాది అంటకపోతే స్క్రూలు సమంగా బిగించలేదని అర్థం, ఈసారి ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. లిక్విడ్ కూలర్ అయితే పంపు వైరు పెట్టారో లేదో, బయాస్‌లో దాని స్పీడు సున్నా అని ఉందో చూడాలి. కూలర్ ఒకసారి పైకి లేపాక పాత పేస్ట్‌తోనే మళ్లీ పెట్టేయకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేసి కొత్తది వేయండి. మీది ఏఎండీ ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డయితే కూలర్‌ని నిలువుగా లాగకండి, ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తీయండి, లేకపోతే ప్రాసెసర్ కూడా దానికే అంటుకుని సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి.