ఇందిరాగాంధీ హత్య వార్త ఎక్కడ విన్నారో పెద్దవాళ్లు చెప్తే నమ్మొచ్చా?

హన్మకొండ చౌరస్తాలో పొద్దున తొమ్మిదింటికే రేడియోలో విన్నానని మీ నాయన అంటున్నారంటే అబద్ధమాడుతున్నట్టు కాదు, కానీ టైము కుదరదు. 1984 అక్టోబర్ 31న కాల్పులు జరిగిందే ఉదయం సుమారు 9.20కి. ఆకాశవాణి మరణవార్తను సాయంత్రం దాకా ప్రకటించలేదు. మొదట ఎవరో నోటిమాటగా చెప్పి ఉంటారు. తర్వాత రేడియోలో విన్నదే గట్టిగా నాటుకుని దాని స్థానంలోకి వస్తుంది.

1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు అమెరికాలో విద్యార్థులతో ఎట్లా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే, 44 మందిలో 11 మంది చెప్పింది మొదట రాసినదానితో ఎక్కడా కలవలేదు. నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు! అందుకే ఎంత గట్టిగా చెప్తున్నారన్నది కొలత కాదు.

పెద్దవాళ్ల జ్ఞాపకాలు రాసిపెట్టుకోవాలంటే ఒక్కొక్కరినీ విడిగా అడగండి. నలుగురిలో అడిగితే గొంతు పెద్దదున్నవాళ్ల కథే అందరిదైపోతుంది. ‘రేడియోలో విన్నవా?’ అనకుండా ‘ఎట్ల తెలిసింది?’ అనండి. ఇందిరాగాంధీ చనిపోయిన రోజు బుధవారం. బడితోనో వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు షిఫ్టుతోనో సరిచూడండి. రాజీవ్‌గాంధీ హత్య విషయం తేల్చడం తేలిక: పేలుడు 1991 మే 21 రాత్రి పది దాటాక జరిగింది, కాబట్టి ‘ఆ మధ్యాహ్నమే తెలిసింది’ అంటే తేదీ మళ్లీ అడగండి.