పాతిక వాట్ల సెట్టు, అయిదు మైళ్ల మాట

ప్రశ్న: పోయిన సీజన్లో బోటుకి కొత్త వీహెచ్‌ఎఫ్ సెట్టు (బోట్ల మధ్య మాట్లాడుకునే రేడియో) పెట్టించాను, 25 వాట్లది. అయిదు మైళ్లు దాటితే పక్క బోటు సరంగు మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. మా బావమరిది బోటులో పదేళ్ల నాటి సెట్టు, అదేమో చక్కగా పలుకుతోంది. షాపతను ఇంకో సెట్టు కొనమంటున్నాడు. కొనాలా?
— ఒక బోటు యజమాని, విశాఖ ఫిషింగ్ హార్బర్

జవాబు: కొనకండి. ముందు మీ బావమరిది యాంటెన్నా ఎంత ఎత్తులో ఉందో చూసి రండి. వీహెచ్‌ఎఫ్ సిగ్నల్ దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతుంది, సముద్రం వంపు అడ్డొస్తే అక్కడితో సరి, ఎన్ని వాట్లు పెట్టినా ఆ వంపు దాటి పెద్దగా పోదు. లెక్క సులువే. నీటి మట్టం నుంచి యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి, రెండు బోట్లవీ కలపాలి. రెండూ 4 మీటర్ల ఎత్తులో ఉంటే 16 కిలోమీటర్లు, అంటే దగ్గర దగ్గర 9 నాటికల్ మైళ్లు. మీది ఒక్కటే 9 మీటర్లకు ఎక్కిస్తే 20 కిలోమీటర్లు దాటుతుంది.

కానీ మీకు అయిదు మైళ్లకే తెగుతోందంటే ఎత్తొక్కటే కాదు, కేబుల్లోనూ దొంగ ఉన్నాడు. సెట్టు నుంచి యాంటెన్నాకి సన్నటి ఆర్‌జీ-58 రకం కేబుల్ 10 మీటర్లు లాగితే మీ వాట్లలో మూడో వంతు దాకా దార్లోనే పోతుంది, లావుపాటి ఆర్‌జీ-213 అయితే ఆ నష్టం సగానికి తగ్గుతుంది. అంతకంటే పెద్ద రోగం కనెక్టర్. ఈమధ్య తెలిసిన వాళ్ల బోటులో యాంటెన్నా కింద జాయింటు విప్పాను. పైన నల్ల ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు నీటుగానే చుట్టారు. కోస్తే కేబుల్ లోపల అల్లిన రాగి తీగల జల్లెడ పచ్చగా, నల్లగా చిలుము పట్టి ఉంది, వేళ్లతో నొక్కితే ఉప్పునీళ్లు కారాయి! ఆ నీళ్లు జల్లెడ వెంబడే కేబుల్ లోపలికి పాకుతాయి, కాబట్టి కొన మార్చి ఊరుకుంటే లాభం లేదు, రాగి మెరిసేదాకా కోసుకుంటూ పోవాలి. కొత్త కనెక్టర్‌ని సోల్డర్ చేయించి, తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టండి. కేబుల్‌ని కేబిన్లోకి దించేముందు కిందికి ఒక వంపు వదలండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది.

ఇంకోటి, మైకు నొక్కినప్పుడు సెట్టు వెనక వోల్టేజీ మీటరు పెట్టి చూడండి. సన్నటి వైరు వేసి ఉంటే అక్కడే వోల్టులు పడిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఎలాగూ ఒడ్డునే కదా, అప్పుడు తీరిగ్గా చేయించుకోండి.

ప్రశ్న: గవర్నమెంటు ఇచ్చిన ట్రాన్స్‌పాండర్ ఉంది కదా సార్, మళ్లీ ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలకు మన జాడ చెప్పే పెట్టె) ఎందుకు? పెద్ద ఓడలకు మేము కనిపించడం లేదా?

జవాబు: లేదు. చాలామంది టెన్షన్ లేకుండా ఉండేది ఈ పొరపాటు వల్లే. ఇస్రో రూపొందించిన ఆ పెట్టె మీ జాడను శాటిలైట్‌కి పంపుతుంది, అక్కడి నుంచి ఒడ్డున ఉన్న కంట్రోల్ సెంటర్‌కి. ఆపదలో అది బంగారం, ఫోన్లో నభ్‌మిత్ర యాప్‌తో కలిపితే మెసేజీలు కూడా నడుస్తాయి. కానీ మీ వల మీదికి వచ్చే కార్గో ఓడ తెరమీద మీ చుక్క పడదు. ఏఐఎస్ అయితే మీ పేరు, వేగం, దిశ 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద నేరుగా చుట్టుపక్కల ఓడలకు పంపుతుంది. మామూలు క్లాస్-బీ పెట్టెకి 2 వాట్లే, కదులుతుంటే 30 సెకన్లకోసారి పంపుతుంది. 2 వాట్లంటే తెలిసిందే, యాంటెన్నా బాగోకపోతే ఉన్నా లేనట్టే. అది ఉందని దీపాలు ఆర్పేసి, కాపలా లేకుండా పడుకుంటే మాత్రం నేనేం చెప్పలేను, ఓడలో డ్యూటీ మనిషి తెర చూడాలిగా. ఆపదలో పిలిచే చానల్ 16ని రేడియోలో తెరిచే ఉంచండి, దాని మీద పాటలు పెట్టేవాళ్లకు ఓ దండం.

ప్రశ్న: ఒకే యాంటెన్నాకి టీ-జాయింటు వేసి రేడియో, ఏఐఎస్ రెండూ కలిపేయొచ్చా?

జవాబు: వద్దు! మైకు నొక్కగానే 25 వాట్లు తిన్నగా ఏఐఎస్ పెట్టెలోకి పోయి దాని రిసీవర్‌ని కాల్చేస్తాయి. ఒకే యాంటెన్నాని రెండు పెట్టెలకు పంచే స్ప్లిటర్, పంపే ఏఐఎస్ కోసమే చేసింది దొరుకుతుంది, కానీ వినడమే తప్ప పంపని పెట్టెలకు చేసింది అంటగడతారు, చూసి కొనండి. నన్నడిగితే రెండు యాంటెన్నాలే మేలు, మీటరు పైన ఎడం ఉంచి, వీలైతే ఒకటి పైన ఒకటి కింద.

ప్రశ్న: రాత్రి ఎల్‌ఈడీ లైట్లు వేయగానే రేడియోలో బరబర, ఏఐఎస్‌లో బోట్లు మాయం. లైట్లు వేస్తే రేడియో పాడవుతుందా?

జవాబు: రేడియో పాడవదు, దాని చెవులు మూసుకుపోతాయంతే. చవక ఎల్‌ఈడీల్లో కరెంటు సర్దే చిన్న సర్క్యూట్ అదే ఫ్రీక్వెన్సీల్లో రొద చేస్తుంది. ఎవరూ మాట్లాడని చానల్ పెట్టి, స్క్వెల్చ్‌ని (హోరు అణిచే బిరడా) హోరు అప్పుడే ఆగేంత వరకు తిప్పండి, తర్వాత లైట్లు ఒక్కొక్కటే వేస్తూ పోండి. ఏ లైటుకు మళ్లీ హోరు మొదలైతే అదే మీ దొంగ. యాంటెన్నా పక్కనున్న మాస్టు లైటుతో మొదలెట్టండి.