ప్రశ్న – జవాబు: 70 పేజీల ప్లాను, పొంగే ట్యాంకు

ప్రశ్న: మేడమ్, నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చేలోగా క్యాంపస్‌లో కరెంటు, నీళ్లు, చెత్త, బస్సుల డీజిలు లెక్కలన్నీ ఒకేచోట కనిపించే సాఫ్ట్‌వేర్ చేయించమని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. ఎనిమిది మంది ఫైనలియర్ పిల్లలున్నారు. నాలుగు నెలలకి 70 పేజీల డాక్యుమెంటు తయారైంది గానీ పనిచేసేది ఒక్కటీ లేదు. ఐటీలో ఉన్న మా తమ్ముడు "అజైల్‌లో చెయ్యి అక్కా" అంటున్నాడు. క్లాసులు, మిడ్‌ల మధ్య అది కుదురుతుందా?
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ జిల్లా

జవాబు: కుదురుతుందమ్మా. అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, వాడేవాళ్లకి చూపిస్తూ, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతి. కానీ మీ తమ్ముడి ఆఫీసులో జరిగేవన్నీ తెచ్చి పెట్టుకోకండి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చుని రాసిన అజైల్ మేనిఫెస్టోలో స్టాండప్ (రోజూ నిలబడి జరిపే చిన్న మీటింగ్) అన్న మాటే లేదు. బండెడు డాక్యుమెంట్ల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువ ఇస్తామని మాత్రం ఉంది. మీకు కావలసింది అదే.

ఐటీ ఉద్యోగం వదిలి పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాది నేనూ మీలాగే పెద్ద యాప్ తలపెట్టాను. మా ఎలక్ట్రీషియన్ దాన్ని ఒక్కసారీ తెరవలేదు. ఆయన చొక్కా జేబులో నూనె మరకల చిన్న నోట్‌బుక్ ఉండేది, మోటారు వేసిన టైము, ఆపిన టైము అందులో రాసుకునేవాడు. ఒకరోజు పంపు గదిలో ఆయన పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, ట్యాంకు నిండింది అని నాకు తెలిస్తే చాలు, మోటారు నేను ఆపుకుంటాను" అన్నాడు. యాప్ పక్కన పెట్టేశాం. నీటి మట్టం పెరిగితే పనిచేసే ఒక ఫ్లోట్ స్విచ్, సిమ్ వేసిన చిన్న బోర్డు తెచ్చి, రెండు వారాల్లో ట్యాంకు నిండగానే ఆయన ఫోను మోగేలా చేశాం. హాస్టల్ వెనక నీళ్లు పొంగడం ఆగిపోయింది.

జూన్‌లో ఆ పిల్లలు వెళ్లిపోయారు. సిమ్‌కి రీచార్జ్ చేయాలని ఎవరికీ గుర్తులేదు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున గోడ వెంబడి నీళ్లు ధారగా కారుతుంటే అప్పుడు తెలిసింది. ఆ తప్పు నాది. పర్యావరణం కోసం చేసిన పని నిలబడాలంటే, చేసినవాళ్లు వెళ్లాక దాన్ని చూసుకునే మనిషెవరో మొదటి రోజే తేల్చుకోవాలి. కాలేజీల్లో ఇది మరీ ముఖ్యం. మన టీమ్ ఏటా ఖాళీ అయిపోతుంది.

మీరు ఒక్క కంప్యూటర్ ల్యాబ్‌తో మొదలుపెట్టండి. రాత్రంతా వదిలేసిన ఒక సిస్టమ్ ఎంత కరెంటు లాగుతుందో ప్లగ్ మీటర్ పెట్టి చూడండి. 50 వాట్లు అనుకుంటే, 60 సిస్టమ్‌లకి సాయంత్రం 6 నుంచి పొద్దున 8 దాకా 42 యూనిట్లు. నెలకి 25 రాత్రులైతే 1,050 యూనిట్లు, ఒక్క ల్యాబ్‌లో! సాయంత్రం వాటంతట అవే ఆగిపోయే చిన్న స్క్రిప్టు రాయించండి. ఎవరైనా పనిలో ఉంటే ల్యాబ్ అసిస్టెంట్ దాన్ని ఆపగలగాలి. రెండు వారాల తర్వాత పిల్లలు స్లైడ్లు కాకుండా మీటర్ రీడింగ్ చూపించాలి, అదీ ఆ ల్యాబ్ అసిస్టెంట్ ముందు. ఆయన చెప్పిన ఇబ్బందే తర్వాతి రెండు వారాల పని.

అజైల్‌లో ఒక పద్ధతైన స్క్రమ్‌లో రోజూ 15 నిమిషాల మీటింగ్ ఉంటుంది. మీకు వారానికి మూడుసార్లు, లంచ్ తర్వాత చాలు. ఇలాంటి రెండు వారాల పని విడతని స్ప్రింట్ అంటారు, మిడ్‌ల వారంలో అది పెట్టకండి. ఎనిమిది మందిలో ముగ్గురి బదులు థర్డియర్ పిల్లల్ని తీసుకోండి, వాళ్లు వచ్చే ఏడాదీ ఉంటారు. పాస్‌వర్డ్‌లు పిల్లల పేరు మీద కాకుండా డిపార్ట్‌మెంట్ మెయిల్ మీద ఉంచండి. ఆ 70 పేజీల్లో న్యాక్ ఫైలుకి పనికొచ్చేవి తీసి ఉంచి, మిగతావి మర్చిపోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో టెస్టర్‌ని. మాకు రెండు వారాలకో స్ప్రింట్. చివరి మూడు రోజులు రాత్రి రెండింటి దాకా పనే. "అజైల్ అంటే ఇంతే" అంటారు మా లీడ్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: అలా ఏమీ లేదు బాబూ. మేనిఫెస్టో వెనకున్న 12 సూత్రాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. డబ్బు పెట్టేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, వాడేవాళ్లు ఎన్నాళ్లయినా ఒకే వేగంతో నడవగలగాలని అంటుంది. గత మూడు స్ప్రింట్లలో ఎన్ని స్టోరీలు (చిన్న పని ముక్కలు) ఒప్పుకున్నారు, రాత్రి పని లేకుండా ఎన్ని పూర్తయ్యాయి, ఏ రోజు ఎన్ని మీ దగ్గరికి టెస్టింగ్‌కి వచ్చాయి, కాగితం మీద రాసుకోండి. స్ప్రింట్ చివర జరిగిందంతా చర్చించుకునే రెట్రో మీటింగ్‌లో ఎవరినీ నిందించకుండా ఆ కాగితం చూపించండి. అన్నీ చివర్లోనే మీ మీద పడుతున్నాయని అందరికీ కనిపిస్తుంది. వచ్చే స్ప్రింట్‌లో మొదటి స్టోరీ నాలుగో రోజుకే మీ చేతికి ఇమ్మని అడగండి.