మరక కింద, జబ్బు పైన

ప్రశ్న: మాది సోంపేట. 2006లో వేసిన స్లాబు. కొన్నేళ్లుగా హాలు సీలింగ్ మీద పళ్లెమంత మరక, అంచులు టీ ఒలికినట్టు ఉంటాయి. రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగు వేయించాం, వానలు పడితే మళ్లీ తేలుతోంది. మొన్న ఫ్యాన్ కొక్కెం పక్కన పెచ్చు ఊడిపడింది. మేస్త్రి డాబా మొత్తం టైల్స్ వేసేయమంటున్నాడు. వేయించమంటారా? అన్నట్టు, తిత్లీ తుపానుకి కొబ్బరి చెట్టు పిట్టగోడ మీద పడింది, అప్పుడే కట్టించేశాం. - ఒక గృహిణి

జవాబు: అప్పుడే వద్దమ్మా. మీరు అన్నట్టు అని చివర్లో పారేసిన మాటే నాకు అసలు మాటలా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటినప్పుడు మీ ఉద్దానంలో కొబ్బరి చెట్టు పడని ఇల్లు ఎక్కడుంది చెప్పండి, పడ్డ చోటల్లా గోడ కట్టించారు గానీ ఆ గోడా స్లాబూ కలిసే మూల ఎవరూ చూసుకోలేదు. దెబ్బకి అక్కడ వెంట్రుకంత సందు పడితే చాలు, వాన నీరు లోపలికి దిగిపోతుంది. ఆ నీరు తిన్నగా కిందికి దిగదు, స్లాబు లోపల దారి దొరికినంత దూరం పాకుతుంది, కరెంటు పైపులో పడితే ఆ పైపు ఎక్కడ తెరుచుకుంటే అక్కడ, అంటే మీ ఫ్యాన్ పాయింట్ దగ్గర, బయటికొస్తుంది. అందుకని మరకకి సరిగ్గా పైన వెతికితే ఏమీ దొరకదు. అన్నిటికంటే ముందు ఆ ఫ్యాన్ లైన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, తడి ఆరేదాకా ఫ్యాన్ వేయొద్దు.

వాన పడే ముందు మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వాన వెలిశాక గీత దాటిందంటే నీళ్లు డాబా మీంచే. వెలిసిన అరగంటకి పైకెక్కి ఎక్కడ నీళ్లు నిలిచాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి, నీళ్లు పోయే గొట్టంలో చేయి పెట్టి చూడండి (మా ఇంట్లో ఒకసారి వేపాకులతో పాటు పిల్లల రబ్బరు బంతి వచ్చింది), పిట్టగోడ మొదట్లో నాచుందా, రావి మొక్క ఏమైనా మొలిచిందా చూడండి. అయినా తేలకపోతే ఎండ రోజుల్లో డాబాని మట్టికట్టలతో భాగాలు చేసి, పల్లం వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో భాగంలో రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. ఏ భాగం నింపినప్పుడు కింద చెమ్మ వస్తే దొంగ అక్కడే.

పని శివరాత్రి దాటాక పెట్టుకోండి, స్లాబు ఎముకలా ఆరి ఉండాలి. పగులుని పైపైన సిమెంటు పాలతో అలికితే లాభం లేదు, ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ మూల చుట్టూ నీళ్లు ఆగకుండా ఏటవాలుగా పూత పెట్టించండి. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ కోటింగ్, మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా, గోడ మీదికి కూడా ఓ అడుగు ఎక్కించి. నీళ్లు నిలిచేచోట 10 అడుగులకి అంగుళం పైచిలుకు వాలు ఇప్పించండి. ఇవేవీ చేయకుండా టైల్స్ వేస్తే సందు వాటి కింద దాక్కుంటుంది, స్లాబుకి బరువు దండగ, రేపు వెతకాలంటే వేసినవన్నీ పగలగొట్టాలి.

పెచ్చు ఊడిన చోట కర్రతో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే ఊడేవన్నీ ఊడగొట్టించండి, మంచం అక్కడినుంచి జరపండి. లోపల చువ్వ తుప్పు పట్టిందంటే, తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కాబట్టి కింద కాంక్రీటుని అదే తోసేస్తుంది, సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో ఇంకా తొందరగా. తుప్పంతా గీకి, తుప్పు పట్టకుండా పూసే మందు పూసి పూడ్పించొచ్చు. చువ్వ సన్నబడిపోయి కనిపిస్తే మాత్రం మేస్త్రి మాట మీద ఉండకండి, ఇంజనీరుని పిలవండి.

రంగు ఆఖర్న. రెండు మూడు వారాలు ఆరనిచ్చి, మరక మీద ముందు ఆయిల్ ప్రైమర్ కొట్టించండి. నీళ్లతో కలిపే రంగులోంచి ఆ గోధుమ మరక మళ్లీ పైకి ఊరుతుంది, మీకు రెండుసార్లు జరిగింది అదే.

ప్రశ్న: విజయనగరంలో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. బాత్రూమ్ సీలింగ్ ఎండాకాలంలో కూడా చెమర్చే ఉంటుంది. పైవాళ్లని అడిగితే మాకేం లీకు లేదంటున్నారు. - ఒక పాఠకుడు

జవాబు: వానతో పని లేని చెమ్మ అంటే పై బాత్రూమే అయ్యుంటుంది సార్. పైవాళ్లు ఊరెళ్లిన రెండు రోజులు సీలింగ్ ఆరుతుందేమో చూడండి. ఆరితే టైల్స్ సందుల్లోంచో, నీళ్లు పోయే జాలీ చుట్టూనో దిగుతోంది. ఆరకపోతే ఎప్పుడూ నీళ్లుండే కుళాయి పైపు మీద అనుమానం. రెండు రోజులూ పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి ఫోటో తీసి మీ ఇంటి ఓనర్‌కి పంపండి, పైవాళ్లతో ఆయన్నే మాట్లాడుకోనివ్వండి. సొంత డబ్బుతో సీలింగ్‌కి రంగు మాత్రం వేయించకండి.