పచ్చ గన్నేరు ఉంచండి, కొట్టిన కొమ్మల సంగతి చూడండి

ఇంట్లో చిన్నపిల్ల, కుక్క, పిల్లి ఉండగా పచ్చ గన్నేరు, లిల్లీ లాంటివి పెంచవచ్చా, లేక అన్నీ పీకేయాలా అని అడిగారు. పచ్చ గన్నేరు ఉంచుకోండి. లిల్లీని మాత్రం పిల్లి లేని ఇంటికి ఇచ్చేయండి. చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది: నా లెక్కలో చెట్టు మీదున్న పువ్వుకంటే కొట్టి కింద పడేసిన కొమ్మతోనే ప్రమాదం ఎక్కువ.

మా పెరట్లో పచ్చ గన్నేరు గోడకంటే ఎత్తు పెరిగింది. కొమ్మలు కొట్టడానికి వచ్చిన మనిషి, కుప్ప రేపు తీస్తానని గోడ పక్కనే వదిలేసి వెళ్లాడు. సాయంత్రం చూస్తే మా అన్నయ్య కూతురు, నాలుగేళ్ల పిల్ల, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బొమ్మల గిన్నెలో సన్నటి ఆకులు తుంచి వేసి, నీళ్లు పోసి, మధ్యలో ఒక పచ్చికాయ పెట్టి పుల్లతో కలుపుతోంది. వేళ్లకు తెల్లటి పాలు అంటుకుని, వాటిమీద మట్టి పేరుకుంది. పక్కనే మా కుక్క, వడ్డన కోసం కాచుకున్న చుట్టంలా, గిన్నె వైపు మూతి చాపి కూర్చుంది.

"అత్తా, కూర అయిపోయింది. వీడికి ముందు పెట్టనా?"

నేను అరవలేదు. అరిస్తే పిల్ల బెదిరి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. "నాకు ముందు పెట్టు" అని గిన్నె అందుకుని, కుక్కను కట్టేసి, పిల్ల చేతులు సబ్బుతో కడిగి, నోరు తెరిపించి చూసి డాక్టరుకు ఫోను చేశాను. ఆయన మొదట అడిగింది మొక్క పేరే. చెప్పగానే, వాంతులు మొదలయ్యేదాకా ఆగవద్దు, వెంటనే తీసుకురండి అన్నారు. ఈ విషం గుండె లయనే దెబ్బతీస్తుంది మరి. తీసుకెళ్లాం. పిల్లకేమీ కాలేదు. ఇంటికొచ్చాక, కూర ఎందుకు పారబోశావని నా మీద అలిగింది.

ఆ పేరు నాకు తెలియడం నర్సరీ వాళ్ల దయ మాత్రం కాదు. ఎండ ఎంత కావాలో, నీళ్లెంత పోయాలో చెబుతారు కానీ ఇందులో ఏ భాగం విషమో ఒక్క ముక్క చెప్పరు. ఇక ఫోనులో తిరిగే జాబితాలు మరీ ఘోరం. గులాబీ పక్కన కూడా పుర్రె బొమ్మే! పై ఆకులు ఎర్రగా మారే కుండీ మొక్క పాయిన్‌సెట్టియా ఆకు నమిలితే ప్రాణం పోతుందని రాస్తారు. నోరు మండి, మహా అయితే వాంతి అవుతుంది. అన్నిటినీ ఒకే గాటన కడితే జనం అసలు విషాన్ని కూడా నమ్మరు.

నన్నడిగితే, నోటిని వెంటనే మండించే మొక్క కొంత మేలు. ఇళ్లలో కుండీల్లో పెంచే, తెల్ల మచ్చల వెడల్పాటి ఆకుల డిఫెన్‌బాకియా ఆకు కొరికిన పిల్ల నొప్పికి అక్కడే ఉమ్మేస్తుంది, రెండో ముక్క జోలికి పోదు. భయపడవలసింది గురివిందకు. గింజ గట్టి పెంకుతో అలాగే మింగితే చాలాసార్లు హాని లేకుండా బయటికి పోతుంది. నమిలినా, పూసగా గుచ్చడానికి చిల్లు పెట్టినా కథ వేరు. ఎర్రగా అంత ముద్దుగా ఉన్నదాన్ని ఏ పిల్ల వదులుతుంది?

పచ్చ గన్నేరును పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా, గోడ పక్కన వేయండి. పువ్వు వాడగానే తుంచేస్తే కాయ కట్టదు; రాలిన కాయలు రోజూ ఏరేయండి. కొమ్మలు కొట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. కొట్టినవి ఆ పూటే సంచిలో కట్టి బయటికి పంపండి. ఎండినా విషం పోదు. కాల్చవద్దు, పొగ కూడా మంచిది కాదు.

లిల్లీ అంటే నేల సంపెంగ కాదు, పెద్ద బాకాల్లాంటి పూలు పూసే అసలు లిల్లీ. ఒంటికంటిన పుప్పొడి నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లికి రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. ఎత్తున పెడతామంటారా? ఎంత ఎత్తున పెడితే పిల్లికి అంత సరదా. నాకిందని అనుమానం వస్తే, హుషారుగా తిరుగుతున్నా సరే, ఆ క్షణమే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మొక్క రెమ్మ ఒకటి సంచిలో వేసుకోండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించమనే సలహా ఎవరిచ్చినా వినకండి, పిల్లకైనా పిల్లికైనా.