డ్రై గ్యాస్, కోక్ పెరిగినప్పుడు ముందుగా హైడ్రోజన్‌ను చూడండి

ఫీడు (లోపలికి పంపే బరువైన నూనె) పరిమాణం, రైజర్ (నూనె, ఉత్ప్రేరకం కలిసి పైకి వెళ్లే గొట్టం) ఉష్ణోగ్రత మారకపోయినా, బరువైన నూనెను ఉత్ప్రేరకంతో విడగొట్టి గ్యాసోలిన్ చేసే మీ రిఫైనరీ ఎఫ్‌సీసీ యూనిట్‌లో డ్రై గ్యాస్ (హైడ్రోజన్, మీథేన్ వంటి తేలిక వాయువులు), కోక్ (ఉత్ప్రేరకం మీద పేరుకునే కార్బన్) పెరిగి గ్యాసోలిన్ తగ్గిందని, ఉష్ణోగ్రత తగ్గిస్తే సరిపోతుందా అని అడిగారు. కారణం తేలకుండా తగ్గించవద్దని నా సలహా. కన్వర్షన్ (ఫీడు తేలికైన ఉత్పత్తులుగా మారే శాతం) కూడా పడిపోతుంది.

ముందుగా డ్రై గ్యాస్ విశ్లేషణలో హైడ్రోజన్, మీథేన్ నిష్పత్తిని పాత నివేదికలతో పోల్చండి. హైడ్రోజన్ బాగా పెరిగి మీథేన్ దాదాపు అలాగే ఉంటే, ఫీడుతో వచ్చిన నికెల్ ఉత్ప్రేరకం మీద పేరుకుని, హైడ్రోకార్బన్ల నుండి హైడ్రోజన్‌ను విడగొట్టి కోక్‌ను పెంచుతోందని భావించవచ్చు. అప్పుడు వాడుకలో ఉన్న ఉత్ప్రేరకంలో నికెల్, వనేడియం ఎంత ఉన్నాయో పరీక్షించి, నికెల్ ప్రభావాన్ని అణచే యాంటిమొనీని ఫీడులో కలపడం, తాజా ఉత్ప్రేరకం చేర్పును పెంచడం మేలు. వనేడియం సంగతి వేరు: ఉత్ప్రేరకం మీది కోక్‌ను కాల్చే రీజనరేటర్‌లోని వేడిలో, నీటి ఆవిరి సమక్షంలో అది ఉత్ప్రేరకంలో పనిచేసే ముఖ్య భాగమైన జియోలైట్ నిర్మాణాన్నే దెబ్బతీస్తుంది కనుక, ఆ నష్టాన్ని యాంటిమొనీ పూడ్చలేదు.

మీథేన్, ఈథేన్, ఇథిలీన్ కలిసి పెరిగితే మాత్రం అది ఉష్ణ విచ్ఛిన్నమే, అంటే ఉత్ప్రేరకం వల్ల కాక వేడికే నూనె విడిపోవడం. ఇక్కడ నేను మొదట అనుమానించేది నూనెను రైజర్‌లోకి చల్లే ఫీడు నాజిళ్లను. ఒక నాజిల్ అరిగినా, మూసుకుపోయినా, దానికి అందే స్టీమ్ తగ్గినా నూనె సన్నని తుంపరగా విడిపోదు. 700 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉన్న ఉత్ప్రేరకం ఒకచోట నూనె అందక, మరోచోట నూనెలో తడిసి ముద్దయి పైకి వెళ్తుంది, రైజర్ చివరి ఉష్ణోగ్రత మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ప్రతి నాజిల్ ప్రవాహాన్ని, పీడనాన్ని విడివిడిగా చూడాలి. రైజర్ దాటిన ఆవిర్లు రియాక్టర్ పాత్రలో ఎక్కువసేపు నిలిచినా ఫలితం ఇదే.

రీజనరేటర్ ఉష్ణోగ్రత కూడా పెరిగి ఉంటే స్ట్రిప్పర్ (రీజనరేటర్‌కు వెళ్లేముందు ఉత్ప్రేరకానికి అంటిన హైడ్రోకార్బన్లను ఆవిరితో తొలగించే భాగం) స్టీమ్‌ను పరిశీలించండి. అక్కడ తొలగని హైడ్రోకార్బన్లు కోక్‌తో పాటే కాలి ఆ వేడిని పెంచుతాయి.