మావారు దగ్గరికి రావడం లేదు, బయట ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, మావారికి 45. ఏడాదిగా ఆయన నా దగ్గరికి రావడం మానేశారు. అంతకుముందు ఒకటి రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయి, చిరాకుపడి అటు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు టీవీ వంకతో హాల్లోనే నిద్ర. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు, పక్కన మంచినీళ్ల బాటిల్ ఉండాల్సిందే. మొన్న బీరువాలో బట్టల కింద ఏదో లేహ్యం డబ్బా దొరికింది. నా మీద మోజు తీరిపోయిందా? బయట ఎవరైనా ఉన్నారా? మా అత్తయ్యతో చెప్పమంటారా?
- ఓ సోదరి, తెనాలి

జవాబు: మోజు తీరిన మనిషి లేహ్యం కొని దాచుకోవడం ఎందుకమ్మా? ఆయన మీకు ముఖం చూపించలేక హాల్లో పడుకుంటున్నారనే నాకు అనిపిస్తోంది. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ఆ మంచినీళ్ల బాటిల్ దగ్గర. రాత్రిళ్లు దాహం, మాటిమాటికీ బాత్రూమ్... ఆయన షుగర్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?

అంగం గట్టిపడాలంటే అక్కడికి రక్తం బాగా చేరాలి, చేరింది నిలవాలి. ఆ రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నటివి. గుండెవి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అన్ని నాళాలనూ పాడుచేస్తాయి గానీ, సన్నవి ముందు బయటపడతాయి. అందుకే గుండె జబ్బు తేలడానికి రెండు మూడేళ్ల ముందే కొందరిలో ఈ ఇబ్బంది కనిపిస్తుంది. షుగర్ అయితే నరాలనూ దెబ్బతీస్తుంది. ఇది సిగ్గుపడి దాచాల్సింది కాదు, వెంటనే డాక్టరుకి చూపించాల్సింది.

ఇది మీ ఇంట్లోనే వచ్చిందనుకోకండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987-89 మధ్య 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లను అడిగితే 52 శాతం మంది ఎంతో కొంత ఇబ్బంది ఉందన్నారు. అందులో దాదాపు సగం మందిది ఓ మోస్తరుది. అసలే గట్టిపడనివాళ్లు మొత్తం మీద పదిమందిలో ఒకరు. షుగర్‌కు మందులు వాడుతున్నవాళ్లలో మాత్రం అది దాదాపు మూడు రెట్లు.

ఇక మనసు సంగతి. ఒక్కసారి విఫలమైతే 'ఈసారీ అంతేనేమో' అనే భయం పట్టుకుంటుంది. భయంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, అనుకున్నంతా అవుతుంది. ఆ తర్వాత పడకగదే పరీక్ష హాలు. తెల్లవారుజామున నిద్రలో మామూలుగానే గట్టిపడుతోందా అని డాక్టరు అడుగుతారు. అవుతోందంటే మనసు పాత్ర ఎక్కువని, ఎప్పుడూ లేదంటే శరీరంలో కారణం వెతకాలని ఒక అంచనా వస్తుంది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కూడా ఈ ఇబ్బంది తెస్తాయి. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరు మార్చి ఇస్తారు.

ఆ డబ్బా మాత్రం పక్కన పెట్టించండి. 'నరాల బలహీనత' అని గోడల మీద రాసుకునేవాళ్ల వ్యాపారం మన మగవాళ్ల మొహమాటం మీదే నడుస్తోంది. మగతనం పెంచుతామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు, అయినా గోడలు ఖాళీగా లేవు. ఇలాంటి కొన్నిటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారికి అది తోడైతే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

ఆయనతో మాట్లాడేది పడకగదిలో వద్దు, డబ్బా చేత్తో పట్టుకుని అసలే వద్దు. 'రాత్రిళ్లు మీకు నిద్ర ఉండట్లేదు, దాహం ఎక్కువైంది, ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం, నేనూ చేయించుకుంటాను' అనండి. పరగడుపున షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, బీపీ ముందు చూపించాలి. కోరిక కూడా తగ్గిందంటే టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) పరీక్షకు ఉదయం పూటే రక్తం ఇవ్వాలి. ముందు ఫిజీషియన్, ఆయన పంపితే యూరాలజిస్ట్. పరీక్షలన్నీ బాగానే ఉంటే ఇద్దరూ కలిసి సైకాలజిస్టును కలవండి. మందులు చాలామందికి పనిచేస్తాయి, కానీ ఛాతీనొప్పి ఉందా లేదా తేల్చాకే డాక్టరు రాస్తారు. ఈలోగా ఆయన్ని హాల్లోంచి లోపలికి పిలవండి, ఏ ఆశా పెట్టకుండా, ఊరికే పక్కన పడుకోవడానికి.

మీ అత్తయ్యకు ఈ విషయం చెప్పకండి, ఆయన మళ్లీ తలెత్తుకోలేరు. ఆవిడను అడగాల్సింది ఒక్కటే: మామగారి వైపు షుగర్ ఉందా, చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. డాక్టరు అడిగేదీ అదే.